డబుల్ క్లచ్

"డబుల్ క్లచ్ గురించి నాకు చెప్తున్నావేందిరా? ముప్ఫై రెండేళ్ళు కొట్టాను."

నేను చెప్పింది డ్యుయల్ క్లచ్. నాన్నకి వినబడింది డబుల్ క్లచ్. మాటకి మాట చూస్తే రెండింటి అర్థమూ ఒకటే కాబట్టి తప్పు ఆయనది కాదు.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మార్కాపురం డిపో. సర్వీసులో సగానికి పైగా దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కడంలో, దిగడంలో గడిచింది. ఈమధ్య అమ్మతో కలిసి వచ్చి షార్లెట్‌లో మా ఇంట్లో ఆరు నెలలు ఉండి వెళ్ళాడు. నేనేమో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ చదువుతో ఒక్క బోల్టు కూడా బిగించకుండా సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. కార్ల పిచ్చి మాత్రం వదల్లేదు. మా గరాజ్‌లో 2009 నాటి పోర్షే కేమన్ ఎస్ ఒకటి ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఆరు గేర్ల మాన్యువల్. ఆ మోడల్‌కి డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ మొదటిసారి ఇచ్చింది ఆ ఏడాదే. దాని మొదటి ఓనరెవరో అది వద్దనుకుని, మూడు పెడళ్ళదే అడిగి తీసుకున్నాడు. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ నాకు ఆయనంటే గౌరవం.

దాన్ని అమ్మేయాలా వద్దా అన్నది అప్పటికి ఇంట్లో నడుస్తున్న చర్చ. రెండు సీట్ల కారు. రెండేళ్ళ పాప. క్లచ్ ఉన్న బండి జోలికి రానని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసిన భార్య. నా వైపు వాదన ఏమంత బలంగా లేదు. అమ్మేముందు అసలు అవతలి పక్షం సంగతేంటో చూద్దామని, వారాంతానికి ఒక డ్యుయల్ క్లచ్ స్పోర్ట్స్ కారు అద్దెకి తీసుకుంటున్నానని నాన్నకి చెప్పాను. అక్కడ మొదలైంది ఈ డబుల్ క్లచ్ పంచాయితీ.

తెలియనివాళ్ళ కోసం ముందు నాన్న క్లచ్ సంగతి. ఇప్పటి కార్ల గేర్‌బాక్సుల్లో సింక్రోమెష్ అని ఉంటుంది. గేరు మార్చేటప్పుడు వేరు వేరు వేగాల్లో తిరుగుతున్న పళ్ళ చక్రాన్నీ షాఫ్టునీ ఒక వేగానికి తెచ్చి, ఆ తర్వాతే కలుపుతుంది. నాన్న తోలిన పాత లేలాండ్ బస్సుల్లో అది లేదు. ఆ పని డ్రైవరే చెయ్యాలి. పై గేరు నుంచి కింది గేరుకి రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, ఒక్క రేజింగ్ ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. ఆ రేజింగ్ ఎంత ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. తక్కువైతే గరగరమంటుంది. ఎక్కువైనా గరగరమంటుంది. సరిపోతే మాత్రం రాడ్డు దానంతటదే లోపలికి జారుతుంది. ఒక్కో గేరుకీ రెండుసార్లు క్లచ్, అదే డబుల్ క్లచ్. ఘాట్‌లో ఒక్క ట్రిప్పుకి ఎన్ని వందల సార్లో. నాన్న ఎడమ మోకాలు ఇప్పుడు పూర్తిగా మడతపడదు. డాక్టరు వయసు అంటాడు, అమ్మ లేలాండ్ అంటుంది.

డ్యుయల్ క్లచ్ వేరు. అది మనిషి చేసే పని కాదు, ఒకే పెట్టెలో ఇమిడ్చిన రెండు మాన్యువల్ గేర్‌బాక్సులు. నాన్నకి డైనింగ్ టేబుల్ మీద కాగితం పెట్టి గీసి చూపించాను. ఒక షాఫ్టు గుల్లగా గొట్టంలా ఉంటుంది, రెండోది దాని లోపల నుంచి వెళ్తుంది. ఒకదాని మీద 1, 3, 5, 7 గేర్లు. రెండోదాని మీద 2, 4, 6. ఒక్కో షాఫ్టుకీ ఒక్కో క్లచ్. మూడో గేరులో వెళ్తున్నప్పుడే పక్క షాఫ్టు మీద నాలుగు వేసి సిద్ధంగా పెట్టుకుంటుంది. మార్చాల్సిన క్షణంలో గేరు మారేదేమీ లేదు. ఒక క్లచ్ వదులుతుంది, రెండోది పట్టుకుంటుంది. ఆ మధ్యలో ఇంజన్ నుంచి చక్రాలకి వెళ్ళే బలం తెగదు.

"అంటే ఒక బస్సుకి ఇద్దరు డ్రైవర్లు" అన్నాడు నాన్న.

"అంతే."

"ఇద్దరూ ఒకేసారి వేస్తే?"

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో మా క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇద్దరూ ఒకేసారి గట్టిగా పట్టుకుంటే గేర్‌బాక్స్ తనతో తనే పోట్లాడుతుంది. అందుకే ఒకటి వదలడం, ఇంకొకటి పట్టడం సెకనులో అతి చిన్న భాగం లెక్కతో జరగాలి. అది మనిషి వల్ల కాదు కాబట్టి ఇద్దరి మీదా ఒక కంప్యూటరు. "డిపో మేనేజరు" అన్నాడాయన.

ఆ డిపో మేనేజరు కోసమే ఈ ఆలోచన అరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. దీని మీద 1939లోనే పేటెంట్ తీసుకున్నవాడు అడోల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు. రష్యాలో జార్ నికొలస్ గరాజ్‌లో పనిచేసినవాడు. మంచులో నడవడానికి ముందు చక్రాలు, వెనక పట్టాలు ఉండే బండ్లు తయారుచేసినవాడు. ఇంతలో యుద్ధం వచ్చింది, 1943లో ఆయన పోయాడు. 1980లలో పోర్షే వాళ్ళు తమ రేసు కార్లలో ఈ పద్ధతిని మళ్ళీ ప్రయత్నించారు. 1986లో మోంజాలో ఒక 962 దీనితోనే గెలిచింది కూడా. కానీ బరువెక్కువ, మొరాయించడం ఎక్కువ, అప్పటి కంప్యూటర్లకి ఆ పని మించిన భారం. మామూలు జనం కొనుక్కోగలిగే కారులోకి అది వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో. ఫెరారీ కన్నా ముందు గోల్ఫ్‌కి రావడం నాకెప్పుడూ సరదాగా ఉంటుంది.

ఫెరారీ వాళ్ళకి అప్పటికే స్టీరింగ్ వెనక మీటలు ఉన్నాయి. 1989లో ఫార్ములా వన్‌లో తెచ్చారు. మొదటి రేసులోనే, బ్రెజిల్‌లో, మాన్సెల్ ఆ కారుతో గెలిచాడు. 1997లో ఎఫ్355తో రోడ్డు మీదకీ వచ్చాయి. కానీ అవి ఒకే క్లచ్‌వి. మామూలు గేర్‌బాక్సుకి క్లచ్ తొక్కే మరమనిషిని తగిలించినట్టన్నమాట. గేరు మారిన ప్రతిసారీ కారులో ఉన్నవాళ్ళందరూ అవునవునని తలూపుతారు. ఆ తలూపుడు పోగొట్టింది డ్యుయల్ క్లచ్. అక్కణ్ణించి ఇక ఆగలేదు. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్ మూడో పెడల్ లేకుండానే పుట్టింది. 2009లో ఫెరారీ 458కి మాన్యువల్ అన్న మాటే లేదు. 2011లో మెక్‌లారెన్, 2014లో లాంబొర్గినీ హురాకాన్, అన్నీ అదే దారి.

ఎందుకన్నదానికి ఒక్కటే జవాబు, గడియారం. పోర్షే సొంత లెక్కలే చూడండి. 2021లో వచ్చిన 911 జీటీ3 నిలుచున్న చోటి నుంచి గంటకి 100 కిలోమీటర్ల వేగం అందుకోడానికి డ్యుయల్ క్లచ్‌తో 3.4 సెకన్లు, మాన్యువల్‌తో 3.9. ఇంజన్ అదే, కారు అదే. పైగా మాన్యువల్ కారు బరువు 1418 కిలోలు, రెండోది 1435. అంటే బరువు ఎక్కువ మోస్తూ కూడా అర సెకను ముందుంటుంది. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా క్లచ్ తొక్కిన ప్రతిసారీ కారు కాసేపు ఊరికే దొర్లుతుంది. ఆ కాసేపులు కూడితే వచ్చిన అర సెకను అది. స్పోర్ట్స్ కారు అంటే వేగం అనుకుంటే చర్చ అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. ఈ జీటీ3 కథే చెప్తాను. 1999 నుంచి ఆ కారుకి మాన్యువల్ ఒక్కటే ఉండేది. 2013లో కొత్త జీటీ3 వచ్చింది. 475 గుర్రాల బలం, 9000 ఆర్‌పీఎం దాకా అరిచే ఇంజన్, వెనక చక్రాలకీ స్టీరింగు, గేర్‌బాక్స్ మాత్రం డ్యుయల్ క్లచ్ ఒక్కటే. పాతదానికన్నా అన్ని విధాలా వేగమైన కారు. పాత ఓనర్లు గగ్గోలు పెట్టారు. వాళ్ళు అడిగిందేంటో గమనించండి. మాకు తక్కువ వేగం ఉన్నా పర్లేదు, మా పని మాకు ఇచ్చెయ్యండి అని. రేసు కోసం పుట్టిన కారు కొనేవాళ్ళ నోట ఈ మాట వస్తుందని పోర్షే ఇంజనీర్లు అనుకున్నట్టు లేదు.

2016లో 911 ఆర్ అని ఒకటి వదిలారు. 500 గుర్రాలు, ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే, సరిగ్గా 991 కార్లు. అమెరికాలో ధర 1,84,900 డాలర్లు. అవి ఓనర్ల ఇళ్ళకి చేరీ చేరకముందే మారు బేరాల్లో రెండింతలు దాటాయి. మరుసటి ఏడాది నుంచి మామూలు జీటీ3కీ మాన్యువల్ తిరిగొచ్చింది. ఫెరారీ, లాంబొర్గినీల పాత కార్లదీ ఇదే తంతు. ఒకే మోడల్లో రెండు కార్లుంటే, నెమ్మదిగా వెళ్ళే మాన్యువల్‌కే ఎక్కువ ధర.

ఇక్కడిదాకా చెప్తే నాన్న కాగితం మడిచి పక్కన పెట్టి, "డబ్బులు ఎక్కువిచ్చి మరీ క్లచ్ తొక్కుతారా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి.

నేను అద్దెకి తెచ్చింది కార్వెట్, 2020లో ఇంజను వెనక్కి మారిన ఎనిమిదో తరం. కార్వెట్ అభిమానులు మాన్యువల్ కోసం ప్రాణమిస్తారు. ఏడో తరంలో ఏడు గేర్ల మాన్యువల్ ఉండేది. ఎనిమిదో తరంలో ఎనిమిది గేర్ల డ్యుయల్ క్లచ్ తప్ప ఇంకోటి లేదు. సంప్రదాయం మంటగలిసిందని చాలామంది అలిగారు. తమాషా ఏంటంటే, 1953లో కార్వెట్ పుట్టినప్పుడు దానికి మాన్యువలే లేదు. రెండంటే రెండే గేర్ల ఆటోమేటిక్. మాన్యువల్ 1955లో గానీ రాలేదు. మన సంప్రదాయాలు చాలావాటి వయసు కూడా దగ్గరికెళ్ళి చూస్తే ఇంతేనేమో, అది వేరే వ్యాసం.

కార్వెట్ సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. నాన్నని అందులో కూర్చోబెట్టడం ఒక ఘట్టం. ముందు వీపు, తర్వాత కుడికాలు, ఆఖర్న రెండు చేతులతో ఎత్తి ఎడమకాలు. కూర్చున్నాక "స్టీరింగు అటెందుకుందిరా" అన్నాడు, ఇక్కడికొచ్చి నాలుగు నెలలైనా.

పొద్దున్నే బయల్దేరి టెన్నెసీ సరిహద్దు దగ్గర డీల్స్ గ్యాప్‌కి వెళ్ళాం. అక్కణ్ణించి మొదలయ్యే రోడ్డుని టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అంటారు. 11 మైళ్ళలో 318 మలుపులు. వారాంతాల్లో ఎక్కడెక్కడి స్పోర్ట్స్ కార్లూ మోటార్‌సైకిళ్ళూ అక్కడే ఉంటాయి. మొదట్లో ఒక చెట్టు ఉంటుంది. అక్కడ పడిపోయిన బండ్ల ముక్కలు, పగిలిన అద్దాలు, వంగిన హ్యాండిళ్ళు దానికి వేలాడదీస్తారు. సిగ్గు చెట్టు అని దాని పేరు. నాన్న ఆ చెట్టు చుట్టూ తిరిగి చూసి, "కొబ్బరికాయ కొట్టే చోటేదీ లేదా?" అని అడిగాడు. ఘాట్ మొదట్లో దణ్ణం పెట్టుకోకుండా ఎక్కడం ఆయనకి అలవాటు లేదు. సీటుబెల్టు పెట్టుకున్నాక కళ్ళు మూసుకుని అక్కడి నుంచే ఏదో చదువుకున్నాడు.

మొదటి నాలుగైదు మైళ్ళు మీటలు నేనే లాగాను. మలుపు ముందు ఎడమ మీట రెండుసార్లు, మలుపు దాటాక కుడి మీట. ప్రతిసారీ ఆ రేజింగ్ కంప్యూటరే ఇస్తుంది, కొలిచినట్టు. కాసేపటికి మీటలు వదిలేశాను. దాని మానాన అదే నాకన్నా బాగా చేస్తోంది. నేను బ్రేకు ఎంత గట్టిగా తొక్కానో చూసి మలుపు ఎంత పెద్దదో పసిగడుతోంది. ఒకే ఒక్కసారి తికమకపడింది. పైకి పోతాననుకుని నాలుగు సిద్ధం చేసుకున్నట్టుంది, నేను మూడు నుంచి రెండు అడిగాను. రెండూ నాలుగూ ఒకే షాఫ్టు మీదివి. ఆ డ్రైవరు ఒక గేరు తీసి ఇంకోటి వేసేదాకా రవ్వంత ఆలస్యం. నాకు ఆ ఆలస్యమే నచ్చింది. లోపల ఎవరో ఉన్నారనిపించింది.

చెప్పొచ్చేదేంటంటే, ఆ రోడ్డు మీద వేగ పరిమితి 30 మైళ్ళు. 490 గుర్రాల కారు, కన్నుమూసి తెరిచేలోపు మారే గేర్లు, 30 మైళ్ళు. ఆదా చేసిన అర సెకన్లన్నీ ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలీక జేబులో వేసుకుని కూర్చున్నాను. నా కేమన్‌లో ఇదే రోడ్డు మీద 30 మైళ్ళలోనే ఊపిరి సలపదు. మూడు నుంచి రెండుకి వచ్చేటప్పుడు బ్రేకు మీద ఉన్న కుడికాలి అంచుతోనే యాక్సిలరేటరు తట్టాలి, ఎడమకాలు క్లచ్ మీద, చెయ్యి రాడ్డు మీద. పది మలుపుల్లో మూడు బాగా వస్తాయి. ఆ మూడు కోసమే అంత దూరం వెళ్తాను. కార్వెట్‌లో పదికి పదీ బాగానే వచ్చాయి, ఒక్కటీ నాది కాదు.

ఈ మాటే నాన్నతో అన్నాను, కొంచెం కవిత్వం కలిపి.

ఆయన వినిపించుకోలేదు. ముందుకి చూస్తూ, "తలకాయ ఒక్కసారి కూడా ఊగలా" అన్నాడు. డ్రైవరు మంచివాడా కాదా అన్నదానికి ఆయనకి ఒకటే కొలత. నిలబడ్డ మనిషి కడ్డీ పట్టుకోవలసిన పని లేకపోవాలి, నిద్రపోతున్నవాడికి మెలకువ రాకూడదు. గేరు మారిందని బస్సులో ఎవరికన్నా తెలిసిందంటే అది డ్రైవరు తప్పు. ఆయన ముప్ఫై రెండేళ్ళు దేనికోసం మోకాలు అరగదీసుకున్నాడో అది ఈ పెట్టె పుట్టుకతోనే చేస్తోంది. నేను పోయిందని ఏడుస్తున్నది ఆయన పోగొట్టాలని చూసిన కుదుపుని.

ఒక వ్యూ పాయింట్ దగ్గర ఆపాం. కింద సరస్సు. ఇడ్లీల డబ్బా తీశాక, అడక్కుండానే చెప్పాడు.

"ఒకసారి నాకు గేరు పడలా."

శివరాత్రి స్పెషల్. నేను అప్పటికి నడక నేర్చుకుంటున్నానట. శ్రీశైలం నుంచి తిరుగు ట్రిప్పు, తెల్లవారుజాము, సీట్లలో ఎంతమందో నిలబడి అంతమంది. దిగుడులో మూడు నుంచి రెండుకి రాబోయాడు. న్యూట్రల్‌కి వచ్చింది, రేజింగ్ ఇచ్చాడు, రెండు పడలేదు. మళ్ళీ ఇచ్చాడు, గరగరమంది, పడలేదు. బస్సు న్యూట్రల్‌లో దిగుతోంది. వెనక్కి మూడుకి పోదామంటే అప్పటికే వేగం పెరిగింది. ఎయిర్ బ్రేకు తొక్కి వదిలి, తొక్కి వదిలి, గాలి మీటరులో ముల్లు పడిపోతుంటే చూస్తూ, ఒక మలుపు తిప్పాడు. రెండో మలుపు ముందు ఇంజను బద్దలైనా సరే అనుకుని పూర్తిగా రేజింగ్ ఇచ్చి మూడులోకి నెట్టాడు. పడింది.

"కండక్టరు టికెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. జనం నిద్రలో ఉన్నారు. ఎవరికీ తెలియలా."

"అమ్మకి?"

"చెప్తే ఉద్యోగం మానిపించదూ."

ఇడ్లీ అయిపోయాక చెయ్యి కడుక్కుంటూ కార్వెట్ వైపు చూపించి, "దీనికి అట్టా అవదు కదా?" అన్నాడు. అవదు నాన్నా, వేగానికి సరిపడని గేరు అడిగితే అది వెయ్యదు, తనకి తోచిన గేరు తనే పట్టుకుని ఉంటుంది అన్నాను. తలూపాడు. తిరుగు దారిలో నేను మూడు పెడళ్ళ తత్వం గురించి ఇంకేమీ మాట్లాడలేదు.

ఇలా అని డ్యుయల్ క్లచ్‌దే ఆఖరి గెలుపని కూడా అనుకోవద్దు. నగరం ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకేటప్పుడు అది మొదటిసారి స్టీరింగ్ పట్టినవాడిలా తడబడుతుంది. క్లచ్ నూనెలో మునిగి ఉండే రకమైతే వేడి తట్టుకుంటుంది, పొడి రకమైతే మన మే నెల ఎండల్లో దాని అవస్థ చెప్పనలవి కాదు. బీఎండబ్ల్యూ తన ఎం కార్లలో కొన్నేళ్ళు దీన్ని వాడి, 2017లో కొత్త ఎం5 నాటికి మామూలు ఆటోమేటిక్‌కే వెళ్ళిపోయింది. అదీ అంతే చురుగ్గా తయారైంది మరి. ఇంకో పక్క గోర్డన్ మర్రే అనే పెద్దాయన 986 కిలోల టీ.50కి మాన్యువల్ పెట్టి, మిలియన్ల ధరకి వంద కార్లు చేశాడు. కోనిగ్‌సెగ్ సీసీ850లో ఒకే పెట్టె తొమ్మిది గేర్ల ఆటోమేటిక్‌గానూ, క్లచ్ పెడల్ తొక్కితే ఆరు గేర్ల మాన్యువల్‌గానూ నటిస్తుంది. అన్నిటికన్నా వింత హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్. అది కరెంటు కారు. అందులో మార్చడానికి గేర్లే లేవు. అయినా ఒక బటన్ నొక్కితే ఎనిమిది గేర్ల డ్యుయల్ క్లచ్ ఉన్నట్టు మోటారు బలాన్ని తెంపి తెంపి ఇస్తుంది, ఇంజను శబ్దం చేస్తుంది, మీట లాగడం మర్చిపోతే ఆర్‌పీఎం పరిమితికి తగిలినట్టు అక్కడే కొట్టుకుంటుంది. కుదుపు పోగొట్టడానికి కెగ్రెస్ నుంచి ఇప్పటిదాకా ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు దాన్ని కోడ్ రాసి తిరిగి పెడుతున్నారు. ఆ కోడ్ రాసినవాడెవడో నాలాగే మెకానికల్ చదివి ఉంటాడు.

నాన్న వాళ్ళు తిరిగి వెళ్ళే వారం, ఆదివారం పొద్దున, "నీ బండి ఒకసారి తోలతా" అన్నాడు. కేమన్ సంగతి. మా ఇంటి దగ్గర మూతపడ్డ షాపింగ్ సెంటర్ ఒకటి ఉంది, ఫుట్‌బాల్ మైదానమంత పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. అక్కడికి తీసుకెళ్ళి సీటు మారాం. గేరు రాడ్డు కుడిచేతి పక్కన ఉండటం ఆయనకి కొత్త. రెండుసార్లు ఎడమచెయ్యి తలుపుకి తగిలింది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాడు. ఒక్క వణుకు లేదు. నేను ఆ కారుతో మొదటి వారం సిగ్నళ్ళ దగ్గర ఎన్నిసార్లు ఆఫ్ చేశానో ఆయనకి చెప్పలేదు.

రెండుకి మార్చేటప్పుడు చూశాను. క్లచ్, న్యూట్రల్, క్లచ్ వదిలి, మళ్ళీ క్లచ్, రెండు. "అక్కర్లేదు నాన్నా, దీనికి సింక్రో ఉంది, ఒకసారి తొక్కితే చాలు" అన్నాను. "ఊఁ" అన్నాడు. మూడుకీ అదే. మైదానం చివర మలుపు ముందు మూడు నుంచి రెండుకి వచ్చాడు. క్లచ్, న్యూట్రల్, వదిలి, ఒక్క రేజింగ్, క్లచ్, రెండు. వెనక ఇంజను ఒక్కసారి పలికి ఊరుకుంది. నా తల కదల్లేదు. పదిహేనేళ్ళ కింద తయారైన ఆ కారుతో నేను పడ్డ పాట్లలో ఆ శబ్దం అంత సరిగ్గా ఎప్పుడన్నా వచ్చిందా అంటే, లేదు.

నాలుగు రౌండ్లు వేశాడు. అయిదోదానికి మోకాలు పట్టుకుని, "చాల్లే" అని ఆపేశాడు. దిగడానికి నా భుజం అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిన నెలకి కేమన్ అమ్మేశాను. దాని బదులు గోల్ఫ్ ఆర్ వచ్చింది, డ్యుయల్ క్లచ్‌దే. 2003 నాటి ఆర్32 మనవడన్నమాట. నాలుగు తలుపులు, వెనక పాప సీటు. మా ఆవిడ తోలుతుంది, నాకన్నా కొంచెం వేగంగానే. కేమన్ కొన్నది కాలేజీ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. వాడికి మాన్యువల్ రాదు. వస్తూ వస్తూ తోలడం వచ్చిన స్నేహితుణ్ణి వెంట తెచ్చుకున్నాడు. రాకుండా ఎందుకు కొంటున్నావంటే, నేర్చుకోడానికే అన్నాడు. మా వీధిలోనే రెండుసార్లు ఆఫ్ చేసి, మూడోసారి కుదుపుతో మలుపు తిరిగి వెళ్ళాడు.

ఆ రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పాను. మొదటి ప్రశ్న, "ఎంతకి పోయింది?" చెప్పాను. మనసులో రూపాయల్లోకి మార్చుకుంటున్నట్టు కాసేపు ఊరుకున్నాడు.

"ఆ పిల్లాడికి డబుల్ క్లచ్ చెప్పావా?"

"దానికి అవసరం లేదు కదా నాన్నా."

"అవసరం లేదులే. చెప్పావా అని అడుగుతున్నా."